పది అంకెల గడి

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. ముందు గదిలో మిషన్ దగ్గర టైలరు, మెడలో టేపు వేలాడేసుకుని. కిటికీ పక్క మంచం మీద అతని తల్లి, ఎవరిదో పాత చొక్కా కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ. ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద టైలరు తొమ్మిదేళ్ళ కూతురు, హోంవర్కు పుస్తకం తెరిచి పెట్టుకుని, దాన్ని వదిలేసి పక్కనున్న గుడ్డ ముక్క మీద పెన్సిలుతో గీతలు గీస్తూ. నాలుగో మనిషి టైలరు భార్య. ఆమె వెనక గదిలో ఉంది. కనిపించడం లేదు గానీ కాగితం కోస్తున్న కత్తెర చప్పుడు వినిపిస్తోంది. గుమ్మంలో నిలబడి గొడుగు ముడుస్తున్న మనిషిని కూడా కలుపుకుంటే ఐదుగురవుతారు. కానీ అడగడానికి వచ్చిన మనిషిని ఇంటి లెక్కలో కలపకూడదని ఆమెకి ట్రైనింగులో మొదటి రోజే నేర్పారు.

ఆమె పని ప్రశ్నలడగడం. యూనివర్సిటీలో కామర్సు చెప్పే ప్రొఫెసరు గారొకావిడ పెద్ద పరిశోధన తలపెట్టారు. చేతిలోకి ఫోన్ వచ్చాక ఇళ్ళలో నడిచే చిన్న వ్యాపారాలు ఎలా మారాయి, వాటి మీద ఆడవాళ్ళ మాట ఎంతవరకు చెల్లుతోంది అని. ఎనిమిది వందల ఇళ్ళు, ఆరు నెలల తేడాతో ఒక్కో ఇంటికి రెండేసి సార్లు. ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి జవాబులు నొక్కే పన్నెండు మందిలో ఈమె ఒకతె. వీధుల్లో పిల్లలు ఆమెకి సర్వేమ్మ అని పేరు పెట్టారు. ఒకసారి అది ఆమె భర్త చెవిన పడింది. ఇక ఇంట్లోనూ అదే ఖాయమైంది. "ఏం సర్వేమ్మా, ఇవాళ ఎన్ని సంసారాలు కెలికొచ్చావ్?" అంటాడు, షూ విప్పుకుంటూ. హాస్యానికే అంటాడు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే, హాస్యం కూడా తెలియని మనిషివి అంటాడు, ఆ తర్వాత రెండు రోజులు ఇల్లంతా ముభావంగా ఉంటుంది. అందుకని నవ్వడమే తేలిక.

ఈ ఇంటికి ఇది రెండో రాక. నిజానికి ఈసారి ఈ ఇల్లు ఆమెకి పడలేదు, ఇంకొకరికి రాశారు. కావాలని అడిగి మార్పించుకుంది. అడిగేటప్పుడు ధైర్యంగానే ఉంది. గుమ్మంలోకి వచ్చాక మాత్రం ముడిచిన గొడుగునే మళ్ళీ విప్పి ముడుస్తూ నిలబడింది. ఆమె భుజానికి వేలాడుతున్న బ్యాగులో, ట్యాబ్ కింద, మడిచిన గుడ్డ సంచి ఒకటి ఉంది. దాని మీద ఈ టైలరు దుకాణం పేరూ, కింద పది అంకెల నంబరూ అచ్చువేసి ఉన్నాయి. ఆ సంచిని ఆరు నెలలుగా ఆమె బీరువాలో చీరల అడుగున పెట్టింది. ఎవరి కంటా పడకూడదని కాదు, తన కంట పడకూడదని.

మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో టైలరు భార్య ఒక్కతే ఉంది. టైలరు దుకాణంలో, అత్తగారు కంటి డాక్టరు దగ్గర, పిల్ల బడిలో. అంత వీలైన ఇల్లు దొరకడం సర్వే వాళ్ళకి పండగ లాంటిది, ఎందుకంటే ఏ ఇంట్లో అయినా ఆడమనిషిని ప్రశ్న అడిగితే జవాబు పక్క గదిలోంచి వస్తుంది. ఎప్పటిలాగే ముందు కాగితం తీసి చదివింది. మీరు చెప్పే మాట పరిశోధనకి తప్ప మరి దేనికీ వాడం, మీ ఇంట్లో వాళ్ళకి గానీ బయటివాళ్ళకి గానీ తెలియనివ్వం. రోజుకి ఐదారు సార్లు చదివే మాటలు, నోటికి అలవాటైపోయినవి. చాలామంది వినరు, తలూపి సంతకం పెడతారు. టైలరు భార్య మాత్రం వింది. "ఆ ముక్క ఇంకోసారి చదవండి," అంది. సర్వేమ్మ చదివింది. ఈసారి నెమ్మదిగా, ప్రతి మాటా విడమరిచి.

ఇరవై ఏడో ప్రశ్న ఇది: ఇంట్లో వాళ్ళకి తెలియకుండా మీరు ఫోన్ ద్వారా చేస్తున్న పని ఏదైనా ఉందా? అడిగి ఆమె 'లేదు' అన్న గడి మీద వేలు పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. అందరూ లేదనే అంటారు. టైలరు భార్య లేచి వెళ్ళి, గుడ్డ పేలికలు కూరిన సంచిలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక పాత ఫోన్ తీసింది. అద్దం పగిలితే భర్త పారేసినది. సిమ్ చెల్లెలిచ్చింది. మోగకుండా నొక్కి పెట్టింది. తన భర్త చేతి పని బాగుంటుందని చుట్టుపక్కల అందరూ అంటారట, ముఖ్యంగా చిన్నపిల్లల గౌన్లు. కానీ ఆ గౌన్లకి కాగితం మీద గీత గీసి, కత్తిరించి ఇచ్చేది ఈమె. పెళ్ళయిన మూడో నెల నుంచి. ఒకసారి దుకాణంలో ఎవరో, ఈ మెడ తిప్పడం ఎలా వచ్చింది మాస్టారూ అని అడిగితే, అలా వచ్చేసిందండీ అన్నాడట, ఈమె పక్కనే గుండీలు కుడుతుండగా. చెబుతూ ఆమె నవ్వింది. ఆ రాత్రికి రాత్రి ఏమీ అనుకోలేదు గానీ, తర్వాత కొన్నాళ్ళకి గీతలు గీసిన కాగితాలు ఫోటో తీసి వేరే ఊళ్ళ టైలర్లకి అమ్మడం మొదలుపెట్టింది. పేరు పెట్టలేదు. ప్రతి కాగితం మూలన చిన్న కత్తెర బొమ్మ వేస్తుంది. వాళ్ళందరికీ ఆమె కత్తెరక్క. "ఎవరో మేడం, మొహం తెలీదు, ఊరు తెలీదు, అక్కా ఈ చెయ్యి ఎలా ఎక్కించాలి అని అడుగుతారు. నన్నే అడుగుతారు," అంది. డబ్బు సంగతి సర్వేమ్మ అడిగితే చెప్పింది గానీ, దాని గురించి మాట్లాడేటప్పుడు 'నన్నే' అన్నప్పటి గొంతు లేదు.

ఆ తర్వాత ఆమె, మీకు పాప ఉందన్నారుగా, ఏడేళ్ళా అని అడిగి, గౌను కాగితం ఒకటి అప్పటికప్పుడు కత్తిరించి, దుకాణం సంచిలో పెట్టి సర్వేమ్మ ఒళ్ళో పెట్టింది. మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది. వెళ్తూ, "నంబరు మాత్రం ఏదీ రాయకండి మేడం," అంది.

ట్యాబ్‌లో మిగిలింది ఆ ఒక్క గడే. నంబరు లేకపోతే గడి ఎర్రగా మారి కూర్చుంటుంది, ఫారం ముందుకు కదలదు. గోడ గడియారంలో ఐదుకి పదిహేను తక్కువ. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర భర్త, రేపు మా ఆఫీసు వాళ్ళిద్దరు టీకి వస్తారు, ఐదున్నరకల్లా ఇంట్లో ఉండు, నేనేమైనా రోజూ అడుగుతున్నానా అన్నాడు. అత్తగారు, కోడలికంటే ముందు ఆ ట్యాబ్ పలక ఇంటికొస్తే దాన్నే టీ పెట్టమందాం అని నవ్వింది. వాళ్ళు వచ్చేసరికి తను లేకపోతే ఏమవుతుందో సర్వేమ్మకి తెలుసు. ఏమీ అవదు. ఎవరూ అరవరు. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని నిలబడి టీ పెడుతుంది, వచ్చినవాళ్ళు చూస్తారు, భర్త వాళ్ళ ముందు పల్లెత్తు మాట అనడు. ఆ ఏమీ కాకపోవడాన్ని తప్పించుకోవడానికే ఆమె పెళ్ళయిన దగ్గర్నుంచీ పరిగెడుతోంది. ఆఫీసుకి ఫోన్ చేసి, నంబరు ఇవ్వని ఇంటికి ఏం చెయ్యాలి అని అడగొచ్చు. సగం ఫారం వదిలేసి మర్నాడు మళ్ళీ రావొచ్చు. ఐదింటి బస్సు పోతే తర్వాతది ఆరింటికి. ఒళ్ళో సంచి ఉంది, సంచి మీద నంబరు ఉంది. ఒక్కొక్క అంకె చూసి నొక్కింది. పదోది పడగానే గడి పచ్చగా మారింది. ఈ నంబర్లు ఎవరు చూస్తారులే అనుకుంది. నీళ్ళు తాగి, సంతకం తీసుకుని, బస్సు అందుకుంది. ఐదు ఇరవైకల్లా స్టవ్ మీద పాలు పెట్టింది. ఆ వచ్చినవాళ్ళలో ఒకాయన, టీ బాగుందమ్మా అన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఆఫీసులో భోజనం డబ్బాలు విప్పుకుని అందరూ కూర్చున్నప్పుడు విషయం తెలిసింది. సర్వే వాళ్ళు ఇళ్ళకి వెళ్ళకుండానే ఫారాలు నింపేస్తున్నారేమో కనిపెట్టడానికి, పది ఇళ్ళకి ఒక ఇల్లు చొప్పున ఆఫీసు నుంచి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు మళ్ళీ అడుగుతారు. ఆ పని చేసేది రిటైరైన బ్యాంకు గుమాస్తా. మెత్తటి మనిషి, ఎవరితోనూ పరుషంగా మాట్లాడడు. ఆయన పెరుగు కలుపుకుంటూ, ఇవాళ ఒక తమాషా జరిగింది అన్నాడు. మీ ఆవిడ ఫోన్‌లో గౌను కాగితాలు అమ్ముతున్నారని రాసి ఉంది, నిజమేనా అని అడిగితే అవతల టైలరు పాపం ఉలిక్కిపడ్డాడట. "కాసేపటికి తేరుకుని, ఎంతమందికి అమ్ముతోంది సార్ అని నన్నే అడిగాడమ్మా. ఇంట్లో లక్ష్మి ఉందయ్యా, నీకే తెలీదు అన్నాను." అందరూ నవ్వారు. సర్వేమ్మ ఎత్తిన ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. నీళ్ళు తాగి, ఆమె కూడా నవ్వింది.

ఆ నవ్వు ఒక్కటే ఆరు నెలలుగా ఆమెని తినేస్తోంది. నంబరు నొక్కడం తొందర, ఎవరైనా చేసే పొరపాటు అని సర్దిచెప్పుకోగలిగింది. నవ్వడాన్ని మాత్రం దేని కిందా సర్దలేకపోయింది. అంట్లు తోముతుంటే గుర్తొచ్చేది, పాపకి జడ వేస్తుంటే గుర్తొచ్చేది. చెప్పుకుందామంటే ఎవరికి? ఆమె ఫోన్ సాయంత్రం ఇంటికి రాగానే ఫ్రిజ్ మీదకి వెళ్తుంది. అది దాని చోటు. మోగితే దగ్గరున్నవాళ్ళు ఎత్తుతారు. ఎక్కువగా అత్తగారు, "అది స్నానంలో ఉంది, ఏం పని?" అని. మెసేజీలు వస్తే భర్త గొంతు మార్చి నాటకంలో లాగా పైకి చదువుతాడు, పాప పడీపడీ నవ్వుతుంది. ఇందులో తప్పేముందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. దాచుకోవడానికి నాకేముంది అనుకునేది. ఇంతమంది ఆడవాళ్ళని ఇరవై ఏడో ప్రశ్న అడిగింది, ఒక్కసారి కూడా దాన్ని తన వైపు తిప్పుకోలేదు.

రెండో విడత ట్రైనింగు రోజున, అందరూ టీకి లేచాక, ప్రొఫెసరు గారి బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. సంచి, నంబరు, బస్సు, అన్నీ. ఆవిడ కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తప్పు నీది ఒక్కదానిదే కాదు, ఖాళీగా వదలనివ్వని గడి పెట్టింది నేను అన్నారు. అప్పటికప్పుడు కంప్యూటర్ కుర్రాళ్ళకి చెప్పి ఆ గడి మార్పించారు, ఇక మీదట నంబరు లేకపోయినా ఫారం కదులుతుంది. సర్వేమ్మ ఇంకా నిలబడే ఉంది. మరి ఆ ఇల్లు మేడం అంది. ఆవిడ ల్యాప్‌టాప్ తిప్పి చూపించారు. తనిఖీ ఫోన్ల తర్వాత వచ్చిన కబుర్లు కూడా అందులో ఎక్కాయి. టైలరే ఆఫీసుకి ఫోన్ చేసి, వ్యాపారం పెద్దది చేశాననీ, వివరాలు మార్చుకోమనీ చెప్పాడట. ఆ ఇల్లు ఇప్పుడు బాగుపడిన ఇళ్ళ వరసలో ఉంది. "తీసేయమంటావా? తీసేస్తాను. కానీ ఎనిమిది వందల్లో ఒక ఇల్లు తీసినా ఫలితం మారదు," అన్నారు ప్రొఫెసరు గారు. ఆవిడ ఓదార్పుగానే అన్నారు.

అందుకే ఇవాళ దుకాణం సెలవని, టైలరు ఇంట్లోనే ఉంటాడని తెలిసి కూడా వచ్చింది. తప్పు ఒప్పుకోవాలి, ఆమె ఏది అడిగితే అది చెయ్యాలి. దారి పొడుగునా అదే అనుకుంది.

టైలరు ఆమెని చూసి మిషన్ ఆపి లేచాడు, కుర్చీ దులిపి వేశాడు. మీ పుణ్యమా అని ఇవాళ నాలుగు ఊళ్ళలో నా పేరు తెలుస్తోంది మేడం అన్నాడు. తన ఫోన్ తీసి చూపించాడు. టేపు మెడలో వేసుకున్న అతని ఫోటో, కింద మాస్టర్ డిజైన్స్ అని పేరు. ధరలు పెంచాడు. తన భార్య పిచ్చిది, ఏమీ తెలియక అయినకాడికి ఇచ్చేసేదట. తల్లి కుట్టు విప్పుతూనే అందుకుంది. "ఇంకోడైతే ఇల్లు పీకి పందిరేసేవాడమ్మా. మావాడు పన్నెత్తి ఒక్క మాట అనలేదు. ఫోన్ అడిగి తీసుకున్నాడు, అంతే."

నేల మీద కూర్చున్న పిల్ల తలెత్తకుండా, "కత్తెర బొమ్మ వెయ్యద్దన్నాడు నాన్న. అమ్మ వేసింది. మళ్ళీ చెరిపింది," అంది.

నువ్వు హోంవర్కు చెయ్యి అన్నాడు టైలరు, నవ్వుతూనే. ఆ నవ్వు సర్వేమ్మకి బాగా తెలిసిన నవ్వు. ప్రశ్నలు మొదలుపెట్టండి, నేనే చెప్తాను, మా ఆవిడకి పని ఉంది, రేపటికి పది కాగితాలు పంపాలి అన్నాడు. వెనక గదిలో కత్తెర ఆగకుండా ఆడుతోంది. ఆడమనిషినే అడగాలి, విడిగా అడగాలి, రూలండీ అంది సర్వేమ్మ. గొంతు తనది కాదన్నట్టు వచ్చింది. అతను భుజాలు ఎగరేసి, కానివ్వండి, మీకు రూలు, నాకేం అభ్యంతరం అన్నాడు.

వెనక గది చిన్నది. మంచం మీదా నేల మీదా కాగితాలే. టైలరు భార్య తలెత్తి చూసింది, గుర్తుపట్టింది, మళ్ళీ కత్తెర వైపు చూసుకుంది. రండి అనలేదు. సర్వేమ్మ గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి, ఆ నంబరు వేసింది నేనే అంది. బస్సు సంగతి చెప్పబోయి ఆగింది. బస్సు చెబితే టీ చెప్పాలి, టీ చెబితే తన ఇల్లంతా ఈమె ముందు పరిచి జాలి అడిగినట్టవుతుంది. నేనే వేశాను అని మాత్రం ఇంకోసారి అంది. బ్యాగులోంచి సంచి తీసి ఇచ్చింది.

టైలరు భార్య సంచిలోంచి గౌను కాగితం తీసి విప్పింది. మూలన కత్తెర బొమ్మ ఉంది. దాని మీద బొటనవేలు ఆనించి కాసేపు ఉంచింది.

"కుట్టలేదా?"

"లేదండీ."

"ఇప్పుడు చాలదు. పిల్ల పెరిగి ఉంటుంది."

మళ్ళీ జాగ్రత్తగా, పాత మడతల మీదే మడిచింది. సర్వేమ్మ ట్యాబ్ పట్టుకుని, మీ ఆయన ఏం చెప్పినా సరే, ఈ వ్యాపారం ఎవరిదన్న చోట మీ పేరే రాస్తాను అంది. అదొక్కటైనా చెయ్యగలననుకుంది.

"ఆయనదే అని రాసుకోండి మేడం. ఈసారి ఎవరు ఫోన్ చేసి అడిగినా సరిపోతుంది."

ముందు గదిలో మిషన్ మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడు చాటున సర్వేమ్మ, నేనేం చెయ్యాలో మీరే చెప్పండి, ఏదైనా చేస్తాను అంది. ఏదైనా అన్నప్పుడు నిజంగానే అనుకుంది. ఉద్యోగం పోయినా సరే అనుకుంది.

టైలరు భార్య లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. మొదటిసారి కళ్ళలోకి చూసింది. మా చెల్లెలి సిమ్ కూడా ఆయన దగ్గరే ఉంది అంది. నా కాగితాలు కొన్నవాళ్ళలో నలుగురి నంబర్లు నాకు నోటికి వచ్చు. పక్కింటామె ఫోన్ నుంచి ఒక్కసారి చేసి, మీ నంబరు ఇచ్చి, కత్తెరక్క ఇక్కడ ఉంది, ఈ నంబరుకి మాట్లాడండి అని చెప్పగలను. వాళ్ళు అడిగింది మీరు నాకు చేరవేస్తే చాలు. వారానికోసారైనా చాలు.

"మీ నంబరు చెప్పండి. మీరు తప్ప ఎవరూ ఎత్తనిది."

పేలిక మీద రాసుకోవడానికి పెన్సిలు కూడా తీసుకుంది. సర్వేమ్మకి ఒక్కసారిగా గుండె తేలికైంది. నోరు తెరిచి చెప్పసాగింది. ఒక్కొక్క అంకె వెంట పెన్సిలు కదిలింది. ఆరో అంకె దగ్గర ఆమెకి ఫ్రిజ్ కనిపించింది. దాని మీద ఫోన్, మోగుతూ. స్టవ్ దగ్గర తను. అత్తగారు ఎత్తి, ఎవరమ్మా, ఏ అక్క అంటోంది. భర్త అందుకుని గొంతు మార్చి, అక్కా ఈ చెయ్యి ఎలా ఎక్కించాలక్కా అని చదువుతున్నాడు. పాప పడీపడీ నవ్వుతోంది.

పెన్సిలు ఆగి ఉంది. ఏడో అంకె ఆమె నాలుక మీదే ఉంది, రాలేదు.

టైలరు భార్య ఆ మొహంలోకి కాసేపు చూసింది. కోపం లేదు. ఇంతకు ముందు లేనిదేదో, దగ్గరితనం లాంటిది, ఆ కళ్ళలోకి వచ్చింది. అదే భరించడం కష్టమైంది.

"మీకూ లేదన్నమాట," అంది మెల్లగా, ఆరంకెల పేలికని మడిచి సర్వేమ్మ చేతిలోనే పెట్టి, తలుపు మూసింది.